షేల్ రాయి పెళుసుతనం ఎలా కొలవాలి: కోర్ నుంచి లాగ్ దాకా

షేల్ నుంచి గ్యాస్ గానీ ఆయిల్ గానీ రావాలంటే రాయిని పగలగొట్టక తప్పదు. దాని రంధ్రాలు నానోమీటర్ల సైజులో ఉంటాయి. వాటిలో ఇరుక్కున్న గ్యాస్ తనంతట తాను బావి దాకా రాదు. అందుకే నీటిని, ఇసుకను విపరీతమైన ప్రెషర్‌తో లోపలికి పంపి రాయిని చీలుస్తారు. దీన్నే హైడ్రాలిక్ ఫ్రాక్చరింగ్ అంటాం. రాయి స్వభావం అక్కడే బయటపడుతుంది. గాజు పలకలా పగిలే రాయిలో ఒక చీలిక పక్కనున్న పాత పగుళ్లను కూడా తెరుస్తుంది, ఇసుక రేణువులు వాటిని మూసుకుపోకుండా పట్టి ఉంచుతాయి. బంకమట్టి ఖనిజాలు ఎక్కువున్న రాయి అలా కాదు. ముందు వంగుతుంది, ఆలస్యంగా చీలుతుంది, పంపు ఆపాక ఇసుక రేణువులను తనలోకి దించుకుని మెల్లగా మూసుకుంటుంది.

బావిని ఏ పొరలో అడ్డంగా నడపాలి, పర్ఫొరేషన్లు (నీరు రాయిలోకి వెళ్లడానికి బావి గొట్టానికి పెట్టే రంధ్రాలు) ఎక్కడ పెట్టాలి అనే నిర్ణయాలు చాలావరకు ఈ స్వభావం మీదే ఆధారపడతాయి. చిక్కేమిటంటే, పెళుసుతనాన్ని నేరుగా చూపించే పరికరం ఏదీ లేదు. వాడుకలో ఎన్నో సూత్రాలున్నాయి, ఒక్కోటి ఒకే రాయికి ఒక్కో అంకె ఇస్తుంది. కాబట్టి అంకె చూడగానే అది ఏ పద్ధతిలో, ఎంత ఒత్తిడి దగ్గర వచ్చిందో అడగడం అలవాటు చేసుకోండి. కింద చెప్పేది మూడు దారుల్లో కొలవడం: ఖనిజాల లెక్క, ల్యాబ్‌లో ప్లగ్‌ను నలపడం (బావి నుంచి స్తంభంలా కోసి తీసిన రాయి కోర్, దాని నుంచి కోసిన చిన్న ముక్క ప్లగ్), బావి లాగ్‌లు (బావిలోకి దించిన పరికరాలు లోతు వెంట రాసే కొలతలు). మూడూ చేయగలిగితే మంచిది. రెండే కుదిరితే వాటిలో ఒకటి ల్యాబ్ పరీక్ష అయ్యేలా చూసుకోండి.

మొదటి పని: కోర్‌ను కాపాడండి

పైకి తీసిన కోర్ గాలి తగిలిన క్షణం నుంచి మారిపోతూ ఉంటుంది. లోపలి తేమ ఆరిపోతే పొరల వెంట సన్నటి పగుళ్లు వస్తాయి. ఆ పగుళ్లున్న ప్లగ్‌ను నలిపితే మీరు కొలిచేది భూమిలోని రాయిని కాదు, బల్ల మీద ఎండిన రాయిని. కోర్ బయటికి రాగానే ప్లాస్టిక్ ఫిల్మ్‌తో, దానిపై అల్యూమినియం ఫాయిల్‌తో బిగించి చుట్టి, పైన మైనం పూత వేయించండి. పెట్టె మీద లోతుతో పాటు పై వైపు ఏదో బాణం గుర్తుతో రాయించండి.

ప్లగ్‌లు కోసేటప్పుడు మామూలు నీళ్లు వాడొద్దు. స్మెక్టైట్ లాంటి ఖనిజాలుంటే నీరు తగలగానే ఉబ్బి, ప్లగ్ చేతిలోనే పొరలు పొరలుగా విడిపోతుంది. మినరల్ ఆయిల్ గానీ, చల్లబరచడానికి గాలి లేదా నైట్రోజన్ గానీ వాడమనండి.

ప్లగ్‌ను ఎక్కడ కోయాలి? కోర్ పొడవునా చిన్న రీబౌండ్ హార్డ్‌నెస్ టెస్టర్‌తో కొన్ని సెంటీమీటర్లకోసారి కొట్టి చూడండి. ఈ పరికరం రాయిని పాడు చేయదు, ఒక రోజులో చాలా పొడవు అయిపోతుంది. పెళుసుతనం ఇందులో తెలియదు గానీ, గట్టి పొరలు ఎక్కడ, మెత్తటి పొరలు ఎక్కడ అన్న మ్యాప్ మాత్రం చేతికొస్తుంది. దాన్ని చూసి రెండు రకాల నుంచీ ప్లగ్‌లు తీయండి. చెక్కుచెదరని గట్టి ముక్కల నుంచే ప్లగ్‌లు తీస్తే సగటు ఎప్పుడూ ఉన్నదానికంటే పెళుసుగానే వస్తుంది. ల్యాబ్ నివేదికల్లో నాకు అన్నిటికంటే ఎక్కువగా కనిపించే లోపం ఇదే.

షేల్ పొరలు పొరలుగా ఉంటుంది కాబట్టి ఒకే లోతు నుంచి మూడు దిశల్లో ప్లగ్‌లు కావాలి: పొరలకు నిలువుగా, పొరల వెంట, 45 డిగ్రీల వాలులో. సాధారణ సైజు 1 అంగుళం వ్యాసం, 2 అంగుళాల పొడవు. పొడవు వ్యాసానికి రెండింతల కంటే తగ్గకూడదు. రెండు చివరలూ సమాంతరంగా, నున్నగా ఉండాలి. లేకపోతే ఒత్తిడి ఒక మూలే మోస్తుంది, రాయి అక్కడే చిట్లిపోతుంది.

రెండో పని: ఖనిజాల లెక్క

ప్లగ్ కోసినప్పుడు మిగిలిన ముక్కలనే పొడి చేసి ఎక్స్‌ఆర్‌డీకి (ఎక్స్-కిరణాలతో ఖనిజాలను గుర్తించి కొలిచే పరీక్ష), సేంద్రియ కార్బన్ పరీక్షకు పంపండి. వేరే లోతు నుంచి కాదు, అదే ముక్క నుంచి. తర్వాత ల్యాబ్ ఫలితంతో పోల్చేటప్పుడు దీని విలువ తెలుస్తుంది.

ఒక నమూనాలో క్వార్ట్జ్ 45, కాల్సైట్ 12, డోలమైట్ 6, క్లే (బంకమట్టి ఖనిజాలు) 32, సేంద్రియ పదార్థం 5 శాతం ఉన్నాయనుకుందాం. 2007లో జార్వీ బృందం వాడిన సూత్రం క్వార్ట్జ్‌ను మాత్రమే పెళుసు ఖనిజంగా తీసుకుంటుంది: క్వార్ట్జ్ ÷ (క్వార్ట్జ్ + కార్బొనేట్లు + క్లే). కార్బొనేట్లంటే ఇక్కడ కాల్సైట్, డోలమైట్, కాబట్టి 45 ÷ 95, దాదాపు 47 శాతం. 2009లో వాంగ్, గేల్ ఇచ్చిన సూత్రం డోలమైట్‌ను పైన కలుపుతుంది, సేంద్రియ పదార్థాన్ని కింద చేర్చుతుంది. అప్పుడు 51 ÷ 100, అంటే 51 శాతం. కాల్సైట్‌ను కూడా పెళుసు వైపే వేసుకుంటే 63. రాయి ఒకటే, ఎక్స్‌ఆర్‌డీ రిపోర్టూ ఒకటే, అంకెలు మాత్రం మూడు. మీ పొరల్లో కార్బొనేట్లు ఎక్కువైతే జార్వీ సూత్రం రాయిని ఉన్నదానికంటే మెత్తగా చూపిస్తుంది. క్వార్ట్జ్ ఎక్కువున్న పొరలకు అది బాగానే పనిచేస్తుంది. ఒక సూత్రం ఎంచుకుని ప్రాజెక్టు మొత్తానికి దాన్నే వాడండి.

లెక్క వేసే ముందు ఒకటి సరిచూసుకోండి. ఎక్స్‌ఆర్‌డీ రిపోర్టులో స్ఫటిక ఖనిజాలన్నీ కలిపి 100 శాతం వేస్తారు, సేంద్రియ పదార్థం అందులో ఉండదు. దాన్ని విడిగా తెచ్చి, మళ్లీ మొత్తం 100 అయ్యేలా సర్దాలి. ఇంకోటి, ఈ శాతాలన్నీ బరువు శాతాలు. కెరోజెన్ (రాయిలోని ఘన సేంద్రియ పదార్థం) చాలా తేలిక కాబట్టి బరువులో 5 శాతమున్నది ఘనపరిమాణంలో దాదాపు 10 శాతం ఆక్రమిస్తుంది. రాయి మెత్తబడేది ఆ ఘనపరిమాణం వల్లే.

ఇక్కడ కాసేపు ఆగి చెప్పాల్సిన విషయం ఒకటుంది. ఎక్స్‌ఆర్‌డీ క్వార్ట్జ్ ఎంతుందో చెబుతుంది, ఎలా ఉందో చెప్పదు. నదులు మోసుకొచ్చిన క్వార్ట్జ్ రేణువులు క్లేలో విడివిడిగా తేలుతూ ఉంటే బరువు మోసేది క్లేనే. అక్కడ 45 శాతం క్వార్ట్జ్ ఉన్నా రాయి వంగుతుంది. అదే సిలికా రేడియోలేరియా లాంటి సూక్ష్మజీవుల గుల్లల నుంచి వచ్చి, కరిగి, మళ్లీ గట్టిపడి ఒకదానికొకటి అతుక్కున్న చట్రంగా మారి ఉంటే, అదే 45 శాతంతో రాయి ఠక్కున పగులుతుంది. పలుచటి సెక్షన్‌ను (కాంతి దూరేంత పలుచగా అరగదీసిన రాతి ముక్క) మైక్రోస్కోపు కింద, వీలైతే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూడకుండా ఖనిజాల అంకెను ఎవరికీ ఇవ్వకండి. రేణువులు ఒకదానికొకటి తగులుతున్నాయా, మధ్యలో క్లే అడ్డుందా? ఆ ఒక్క ప్రశ్నకు జవాబు చాలు.

కోర్ లేని బావుల్లో డ్రిల్ కటింగ్స్‌తోనూ (తవ్వేటప్పుడు పైకొచ్చే రాతి తునకలు) ఈ పని చేయొచ్చు. కాకపోతే డ్రిల్లింగ్ మడ్‌లోని (తవ్వేటప్పుడు బావిలో తిప్పే ద్రవం) బెరైట్, మడ్ లీకులు ఆపడానికి వేసిన కాల్షియం కార్బొనేట్ మీ లెక్కలోకి చొరబడతాయి. కాల్సైట్ ఉన్నట్టుండి పెరిగిందంటే ముందు మడ్ రికార్డు తెరిచి చూడండి.

మూడో పని: ల్యాబ్‌లో నలిపి చూడండి

ట్రయాక్సియల్ పరీక్షలో ప్లగ్ చుట్టూ నూనెతో ఒత్తిడి పెట్టి, పై నుంచి మెల్లగా నొక్కుతూ పోతారు. ముందు తేల్చుకోవాల్సింది చుట్టూ పెట్టే ఒత్తిడి ఎంత అన్నది. చుట్టూ ఒత్తిడి లేకుండా నలిపితే దాదాపు ఏ షేల్ అయినా పెళుసుగానే కనిపిస్తుంది. లోతుకు వెళ్లే కొద్దీ అదే రాయి సాగే గుణం తెచ్చుకుంటుంది.

అంచనా ఇలా వేయండి. 3,000 మీటర్ల లోతులో, పైనున్న రాళ్ల సగటు సాంద్రత ఘన సెంటీమీటరుకు 2.5 గ్రాములైతే, పై బరువు వల్ల వచ్చే ఒత్తిడి దాదాపు 74 మెగాపాస్కల్. రంధ్రాల్లోని ద్రవం మామూలు నీటి స్తంభమంత ఒత్తిడిలో ఉంటే అది దాదాపు 29. మిగిలిన 45 మెగాపాస్కల్ రాయి చట్రం మీద నిలువుగా పడే భారం. పక్కల నుంచి పడేది సాధారణంగా ఇంతకంటే తక్కువ. రంధ్రాల ప్రెషర్ మామూలు కంటే ఎక్కువగా ఉంటే (చాలా షేల్‌లలో ఉంటుంది) ఇంకా తగ్గుతుంది. ఈ అంచనాకు కాస్త కింద ఒకటి, దగ్గరగా ఒకటి, పైన ఒకటి, ఇలా కనీసం మూడు ఒత్తిళ్ల దగ్గర పక్కపక్క ప్లగ్‌లను నలిపించండి. పెళుసుతనం ఒత్తిడితో ఎలా పడిపోతుందో చూపే గీత ఒక్క అంకె కంటే ఎన్నో రెట్లు పనికొస్తుంది.

ల్యాబ్‌తో మాట్లాడేటప్పుడు తప్పకుండా అడగాల్సింది: మెషిన్‌ను చుట్టుకొలత స్ట్రెయిన్‌తో (ప్లగ్ చుట్టుకొలత ఎంత వంతు పెరిగిందో దానితో) కంట్రోల్ చేయగలరా? పెళుసు షేల్ గరిష్ఠ బలానికి చేరాక, తనలో దాచుకున్న శక్తితోనే పగిలిపోతుంది. మామూలుగా నొక్కుతూ పోయే మెషిన్ అయితే ఒక్కసారిగా పేలినట్టు విరుగుతుంది, ఆ తర్వాతి గీత రాయిది కాకుండా మెషిన్‌ది అవుతుంది. చుట్టుకొలత పెరిగే వేగాన్ని పట్టి ఉంచి సర్వోతో నడిపితేనే విరిగాక ఏం జరిగిందో నిజంగా కనిపిస్తుంది. ఈ సౌకర్యం లేని ల్యాబ్ నుంచి గరిష్ఠ బలం వరకున్న భాగాన్నే తీసుకోండి, తర్వాతి భాగాన్ని వదిలేయండి.

వచ్చిన స్ట్రెస్-స్ట్రెయిన్ గీత నుంచి నాలుగు విలువలు రాసుకోండి: యంగ్స్ మాడ్యులస్ (రాయి బిగువు, గరిష్ఠ బలంలో సగం దగ్గర వాలు), పాయిసన్ నిష్పత్తి (నొక్కినప్పుడు రాయి పక్కలకు ఉబ్బే వంతు), గరిష్ఠ బలం, విరిగాక మిగిలిన బలం. వీటితో రెండు సూచికలు వస్తాయి. మొదటిది, గరిష్ఠ బలంలో ఎంత వంతు పడిపోయింది అన్నది. 180 నుంచి 110 మెగాపాస్కల్‌కు పడితే 70 ÷ 180, అంటే 0.39. ఎక్కువ ఒత్తిడిలో పక్క ప్లగ్ 230 నుంచి 195కే పడిందనుకోండి, అప్పుడు 0.15. అదే రాయి, లోతు మారితే పెళుసుతనం సగానికి పైగా పోయింది. రెండోది, విరిగే లోపు జరిగిన మొత్తం స్ట్రెయిన్‌లో తిరిగి వెనక్కి వచ్చే భాగం ఎంత అన్నది. 28 గిగాపాస్కల్ మాడ్యులస్ ఉన్న రాయి 180 మెగాపాస్కల్ దగ్గర వెనక్కి వచ్చే స్వభావంతోనే 0.64 శాతం కుంచించుకుపోతుంది. మొత్తం స్ట్రెయిన్ 0.78 అయితే సూచిక 0.82. ఒకటికి ఎంత దగ్గరైతే అంత పెళుసు.

బ్రెజీలియన్ పరీక్షలో చిన్న బిళ్లను అంచు మీద నిలబెట్టి నొక్కి లాగుడు బలం కొలుస్తారు (భారానికి రెండింతలను π × వ్యాసం × మందంతో భాగిస్తే చాలు). ఆ బలం చీలిక లెక్కలకు ఎలాగూ కావాలి, కాబట్టి చేయించండి. కానీ నొక్కుడు బలం, లాగుడు బలం తేడాను వాటి మొత్తంతో భాగించే పాత సూచికను నేను వాడను. రెండు బలాల నిష్పత్తి 10 ఉంటే అది 0.82, నిష్పత్తి రెట్టింపై 20 అయినా 0.90 మాత్రమే. రాళ్లను విడదీయలేని సూచికతో పనేముంది?

నాలుగో పని: లాగ్‌ల నుంచి లెక్క

ప్లగ్‌లు పదో ఇరవయ్యో ఉంటాయి, బావి వేల మీటర్లుంటుంది. మధ్య ఖాళీ నింపేది సోనిక్ (రాయిలో ధ్వని ప్రయాణ సమయం), డెన్సిటీ (సాంద్రత) లాగ్‌లు. పీ తరంగం (రాయిని ముందూవెనకా నొక్కుతూ సాగేది), ఎస్ తరంగం (పక్కలకు కదిలిస్తూ సాగేది) రెండూ కొలిచిన సోనిక్ లాగ్ ఉండాలి. ఎస్ తరంగాన్ని పీ నుంచి అంచనా కట్టి ఉంటే ఈ లెక్కలో అర్థం లేదు, ఎందుకో కిందే తెలుస్తుంది.

ఒక లోతులో పీ 80, ఎస్ 130 మైక్రోసెకన్లు/అడుగు, సాంద్రత 2.50 అనుకుందాం. 304.8ని వీటితో భాగిస్తే వేగాలు సెకనుకు 3.81, 2.345 కిలోమీటర్లు. వాటి వర్గాలు 14.52, 5.50.

పాయిసన్ నిష్పత్తి = (పీ వర్గం − 2 × ఎస్ వర్గం) ÷ (2 × (పీ వర్గం − ఎస్ వర్గం)). ఇది 0.195.

యంగ్స్ మాడ్యులస్ = 2 × సాంద్రత × ఎస్ వర్గం × (1 + పాయిసన్ నిష్పత్తి). ఇది దాదాపు 32.9 గిగాపాస్కల్. 6.895తో భాగిస్తే 4.76 మిలియన్ పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు).

2008లో రిక్‌మన్, సహచరులు ఇచ్చిన సూత్రంలో మాడ్యులస్‌కు 1 నుంచి 8 మిలియన్ పీఎస్ఐ, పాయిసన్ నిష్పత్తికి 0.40 నుంచి 0.15 స్కేలు. మొదటి హద్దుకు 0, రెండో హద్దుకు 100 స్కోరు. మన రాయికి మాడ్యులస్ స్కోరు 54, పాయిసన్ స్కోరు 82, సగటు 68.

ఇప్పుడు ఎస్ రీడింగ్ 130 బదులు 126 అని వేసి చూడండి. పాయిసన్ నిష్పత్తి 0.162కు దిగుతుంది, దాని స్కోరు 95కు ఎగబాకుతుంది, సగటు 76 అవుతుంది. నాలుగు మైక్రోసెకన్ల తేడాతో ఎనిమిది పాయింట్లు. లాగ్ మీద గీత నున్నగా ఉందని నమ్మేయకుండా, బావి గోడ కూలిపోయి వెడల్పైన చోట్లను కాలిపర్ లాగ్ చూసి ముందే కొట్టేయండి.

గ్యాస్ కూడా ఇలాగే మోసం చేస్తుంది. రంధ్రాల్లో గ్యాస్ ఉంటే పీ వేగం తగ్గుతుంది, ఎస్ పెద్దగా మారదు. పాయిసన్ నిష్పత్తి పడిపోయి రాయి పెళుసుగా కనిపిస్తుంది, చట్రం మాత్రం ఏమీ మారలేదు.

ఐదో పని: లాగ్‌ను ల్యాబ్‌తో కట్టండి

లాగ్ ఇచ్చేది డైనమిక్ మాడ్యులస్ (తరంగాల వేగం నుంచి లెక్కేసింది), ల్యాబ్ ఇచ్చేది స్టాటిక్ (మెల్లగా నొక్కి కొలిచింది). షేల్‌లో డైనమిక్ దాదాపు ఎప్పుడూ ఎక్కువే. పై రాయిలో స్టాటిక్ విలువ డైనమిక్‌లో 70 శాతం అని మీ ప్లగ్‌లు చెబితే, మాడ్యులస్ 23 గిగాపాస్కల్, దాని స్కోరు 33, సగటు 58. అంటే 68 నుంచి 58కి వచ్చింది. ఈ నిష్పత్తిని ఎక్కడో చదివి అరువు తెచ్చుకోవద్దు, మీ సొంత ప్లగ్‌ల నుంచే తీయండి.

పోల్చే ముందు కోర్ గామా కొలతను (రాయి సహజంగా వెదజల్లే గామా కిరణాల కొలత) గామా లాగ్ పక్కన పెట్టి లోతులు సరిచేయండి. రెండింటి మధ్య ఒకటి రెండు మీటర్ల తేడా మామూలే. ప్లగ్ 5 సెంటీమీటర్లది, సోనిక్ లాగ్ మీటరు దాకా పొరలను కలిపి సగటు చూపిస్తుంది, కాబట్టి పలుచటి పొరలున్న చోట రెండూ కలవకపోతే టెన్షన్ పడకండి. నిలువు బావిలో లాగ్ కొలిచేది పొరలకు నిలువుగా వెళ్లే తరంగం, కాబట్టి దాన్ని నిలువు ప్లగ్‌లతోనే పోల్చండి. పొరల వెంట తీసిన ప్లగ్ మాడ్యులస్ ఎక్కువ చూపిస్తుంది, అది రాయి సహజ లక్షణమే.

ఆరో పని: సగటును విడగొట్టి చూడండి

మాడ్యులస్ 6.6 మిలియన్ పీఎస్ఐ, పాయిసన్ 0.35 ఉన్న పొరకు స్కోర్లు 80, 20, సగటు 50. మాడ్యులస్ 2.4, పాయిసన్ 0.20 ఉన్న పొరకు 20, 80, సగటు మళ్లీ 50. మొదటిది గట్టి సున్నపురాయి కావచ్చు, దానిలో గ్యాస్ ఉండకపోవచ్చు, చీలికను అడ్డుకునే గోడ కూడా అదే కావచ్చు. రెండోది సేంద్రియ పదార్థం, గ్యాస్ నిండిన మెత్తటి పొర కావచ్చు. సగటు గీత మాత్రమే చూసేవారికి రెండూ ఒకటే. అందుకే మాడ్యులస్ ఒక అక్షం మీద, పాయిసన్ ఇంకో అక్షం మీద వేసి, చుక్కలకు క్లే శాతాన్ని బట్టి రంగులు ఇవ్వండి. ఆ బొమ్మలో పొరలు గుంపులుగా విడిపోతాయి. ప్లగ్‌ల చుక్కలను వాటి మీదే పెట్టండి.

ఖనిజాలు, ల్యాబ్, లాగ్ మూడూ ఒప్పుకున్న పొరలను ముందు ఎంచుకోండి. లాగ్ ఒక్కటే పెళుసు అంటుంటే గ్యాస్ ప్రభావాన్ని, బావి గోడను అనుమానించండి. ఖనిజాలు ఒక్కటే పెళుసు అంటుంటే మైక్రోస్కోపు దగ్గరికి తిరిగి వెళ్లండి. ల్యాబ్ ఒక్కటే అంటుంటే ఎంత ఒత్తిడి దగ్గర నలిపారో చూడండి.

ఎంచుకున్న పొరల పక్కన సేంద్రియ కార్బన్, రంధ్రాల శాతం, అడ్డ దిశలో భూమి ఒత్తిడి ఈ మూడూ రాయండి. ఎంత పెళుసైన పొరైనా దాని మీద అడ్డ ఒత్తిడి పక్క పొరల కంటే ఎక్కువుంటే చీలిక పక్కలకే జారుతుంది. మొదటి ఫ్రాక్ స్టేజీలు (బావిని భాగాలుగా చేసి ఒక్కో విడత చీల్చడం) అయ్యాక, రాయి పగిలిన ప్రెషర్‌ను, పంపు ఆపిన వెంటనే వచ్చిన ప్రెషర్‌ను స్టేజీల వారీగా మీ సూచిక పక్కన వేయండి. రెండింటికీ పొంతన లేని స్టేజీల నుంచి కటింగ్స్ మిగిలి ఉంటే వాటిని మళ్లీ ఎక్స్‌ఆర్‌డీకి పంపండి, తర్వాతి బావికి స్కేలును ఆ డేటాతో సరిదిద్దండి.

రిపోర్టులో ప్రతి అంకె పక్కనా వాడిన సూత్రం, చుట్టూ పెట్టిన ఒత్తిడి, ప్లగ్ దిశ, స్టాటికో డైనమికో, స్కేలు హద్దులు ఉండాలి. హద్దులు రిక్‌మన్ సూత్రంలోవా, మీ బావిలోని కనిష్ఠ, గరిష్ఠ విలువలా అన్నది కూడా రాయండి. సొంత హద్దులతో వేసిన 60ని ఇంకో బేసిన్‌లోని 60తో పోల్చడం కుదరదు.